కోడిపిల్ల రంగును బట్టి ఏం తెలుసుకోవచ్చు?

ఉదయం పాలు పోసి కేంద్రం దగ్గర నిలబడే సభ్యులు మమ్మల్ని అడిగే ప్రశ్నలన్నీ గేదెల గురించే ఉండవు. పశువుల పాక ఉన్న ఇంట నాలుగు కోళ్ళు కూడా ఉంటాయి కదా. మొన్న ఒక సంఘంలో ఒక సభ్యురాలు ఇలా అన్నారు: "సైకిలు మీద గంపలతో వచ్చినతని దగ్గర 20 పిల్లలు కొన్నామండీ. అన్నీ లేత పసుపు పిల్లలు. గుడ్ల జాతి, ఏడాది తిరక్కుండా పెట్టుబడి వచ్చేస్తుందన్నాడు. మూడు నెలలు మేపాక చూస్తే 20కి 20 పుంజులే! తెల్లగా, ఒంటి మీద అక్కడక్కడ ఎరుపుతో. ఇదేం చోద్యం?"

చోద్యం కాదు. పొదిగిన పిల్లల్లో ఆడ, మగ సుమారు సగం సగం ఉంటాయి. అన్నీ మగవే వచ్చాయంటే పుట్టిన రోజునే ఎవరో వాటిని ఏరి వేరు చేశారన్నమాట. ఆ ఏరివేతకు ఆధారం పిల్ల రంగే. ఇది ఎలా సాధ్యమో తెలుసుకుంటే, అదే కిటుకు మన పెరట్లో మనకూ పనికివస్తుంది.

ముందు మన పశువుల సంగతి చూద్దాం. ఆవుకు ఎక్స్ క్రోమోజోములు రెండు. ఆబోతుకు ఒక ఎక్స్, ఒక వై. పుట్టేది పెయ్యా, కోడెదూడా అన్నది ఆబోతు బీజాన్ని బట్టి ఉంటుంది. పెయ్యలే పుట్టేటట్లు వేరుచేసిన వీర్యం గురించి సభ్యులు వినే ఉంటారు. అది ఈ తేడా మీద ఆధారపడినదే. కోళ్ళలో వ్యవహారం తలకిందులు. పుంజుకు రెండూ ఒకే రకం, వాటిని జెడ్ అంటారు. పెట్టకు ఒక జెడ్, ఒక డబ్ల్యు. పిల్ల ఆడో మగో నిర్ణయించేది పెట్టే. కాబట్టి పెట్ట తన జెడ్‌ను కొడుకులకు మాత్రమే ఇవ్వగలదు. కూతురికి జెడ్ వచ్చేది తండ్రి నుంచే. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే మిగతాది తేలిక.

ఈకల మీద అడ్డచారలు తెచ్చే జన్యువు ఈ జెడ్ మీదనే ఉన్నది. నలుపు తెలుపు చారలుండే బార్డ్ ప్లిమత్ రాక్ పెట్టను, ఎర్రని రోడ్ ఐలాండ్ రెడ్ పుంజుతో కలిపామనుకోండి. తల్లి చారలు కొడుకులకే పోతాయి. పిల్లలన్నీ నల్లని నూగుతోనే బయటికి వస్తాయి గాని, మగపిల్ల నడినెత్తిన తెల్లని మచ్చ ఉంటుంది. ఆడపిల్ల నెత్తి నల్లగా ఉంటుంది. తడి ఆరగానే చేతిలోకి తీసుకుని చూస్తే చాలు. పెరిగాక పుంజులకు చారలు వస్తాయి, పెట్టలు నల్లగా, మెడ దగ్గర కాస్త ఎరుపుతో ఉంటాయి.

ఈ జతను తిరగవేస్తే మాత్రం పని జరగదు. చారల పుంజు, ఎర్ర పెట్ట అయితే పిల్లలన్నిటికీ చారలే. తండ్రికి రెండు జెడ్‌ల మీదా చారల జన్యువు ఉంది కనుక కొడుకుకూ కూతురికీ కూడా ఒకటి పంచుతాడు. అలాగే మొదటి జతలో పుట్టిన పుంజును, పెట్టను మళ్ళీ కలిపినా ఆడవాటిలో సగానికీ, మగవాటిలో సగానికీ చారలు వస్తాయి. నెత్తిన మచ్చ చూసి ఆడమగ చెప్పే వీలు ఒక్క తరంతో సరి.

ఎరుపును వెండి తెలుపుగా మార్చే జన్యువు కూడా జెడ్ మీదిదే. రోడ్ ఐలాండ్ రెడ్ పుంజు, లైట్ ససెక్స్ పెట్ట జతలో మగపిల్లలు లేత పసుపుగా, ఆడపిల్లలు ఎర్రమట్టి రంగులో పుడతాయి. గోధుమరంగు గుడ్లు పెట్టే జాతులలో హాచరీలు పిల్లల్ని ఏరేది ఈ పద్ధతిలోనే. ఎర్రపిల్లలు కోళ్ళఫారాలకు వెళతాయి. గుడ్డు పెట్టని లేత పసుపు పిల్లలు చవకగా గంపల్లోకి వస్తాయి. తెల్లగుడ్ల జాతుల్లో ఈ రంగు తేడా కనిపించదు కనుక అక్కడ చాలావరకు రెక్క ఈకల పొడవు చూస్తారు. సంతలో గులాబీ రంగు, ఆకుపచ్చ రంగు అద్ది పిల్లలు ముచ్చటపడేటట్లు అమ్మేవి కూడా ఎక్కువగా ఇటువంటి మగపిల్లలే. మాంసానికి పెంచుకుంటామంటే తప్పులేదు. గుడ్ల కోసమైతే "ఇవి ఏరినవా, ఏరనివా?" అని ముందే అడగండి.

ఇక తెలుపు సంగతి. దీని మీద వచ్చినన్ని తగవులు ఏ రంగు మీదా రావు. తెలుపు రెండు రకాలు. వైట్ లెగ్‌హార్న్‌ది బహిర్గత తెలుపు, అంటే ఒక పక్క నుంచి వచ్చినా చాలు, మిగతా రంగుల్ని కప్పేస్తుంది. లెగ్‌హార్న్ పుంజును మన నాటు పెట్టలతో కలిపితే మొదటి ఏడు దాదాపు అన్నీ తెల్లపిల్లలే, కొన్నిటి మీద నల్లచుక్కలు ఉండవచ్చు. ఆ తెల్ల పెట్టల్ని మరుసటి ఏడు డేగ పుంజుకు కలిపితే సగం తెల్లవి, సగం రంగువి వస్తాయి. "జాతి చెడిపోయింది" అని కొందరు పెట్టల్ని అమ్మేస్తారు. చెడింది ఏమీ లేదు, లెక్క ప్రకారం వచ్చినదే. రెండవది అంతర్గత తెలుపు. ఇది తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా రావాలి. లోపల ఒక్కొక్క పాలు దాచుకున్న కాకి పుంజుకూ కాకి పెట్టకూ నాలుగింట ఒక వంతు తెల్లపిల్లలు పుట్టవచ్చు. పక్కింటి సేతు పుంజును తిట్టిపోసే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అయితే పక్కింటి పుంజు ఎప్పుడూ నిర్దోషి అని మేము హామీ ఇవ్వలేము! ఒక్కసారి పుంజు కలిస్తే పెట్ట కడుపులోని సన్నని గొట్టాలలో బీజం నిలవ ఉండి, రెండు వారాలు, ఒక్కోసారి మూడు వారాల వరకు గుడ్లకు అందుతుంది. కొత్త పుంజును తెచ్చిన వారానికే గుడ్లు పొదగేసి, పిల్లలు పాత పుంజు రంగులో వచ్చాయని గాభరా పడేవారు చాలామంది. పాత పుంజును తీసివేశాక మూడు వారాలు ఆగి, ఆ తరువాతి గుడ్లనే పొదగవేయండి.

రంగును చూసి గుడ్ల సంఖ్య చెప్పలేము. పందెం పుంజుకు రంగును బట్టి జాతకం చెప్పే శాస్త్రం మన వాళ్ళకు ఉంది గాని, పెట్ట గుడ్ల బుట్టకు అటువంటిది లేదు. రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ కోళ్ళను రంగుల ఈకలతో తయారు చేసినది గుడ్లు పెరుగుతాయని కాదు. తెల్లకోడి గద్దకు దూరం నుంచే కనిపిస్తుంది, పైగా పల్లెల్లో కొనేవారికి రంగుకోడి మీదనే మోజు. ఈ కోళ్ళ గుడ్లనే పొదిగించి జాతి నిలుపుదామనుకుంటే పిల్లలు రకరకాలుగా వస్తాయి, గుడ్లు తగ్గుతాయి. ఏటా కొత్త పిల్లలు తెచ్చుకోవడమే మేలు.

ఆ సభ్యురాలు చివరకు 18 పుంజులను సంక్రాంతికి అమ్మేసి, రెండింటిని నాటు పెట్టలకు ఉంచుకుంటానన్నారు. ఉంచుకోండి, కాని వాటి పిల్లల్లో రంగు చూసి ఆడమగ చెప్పలేరు, ఆ పుంజుల్లో తల్లి వెండీ తండ్రి ఎరుపూ రెండూ ఉన్నాయి అన్నాము. నాటు పెట్టల్ని మాత్రం తీసేయవద్దని చెప్పాము. గుడ్ల జాతి రక్తం కలిసినకొద్దీ పెట్టకు పొదుగు మీద కూర్చునే గుణం తగ్గుతుంది. ఇంక్యుబేటరు లేని ఇంట్లో 21 రోజులు కదలకుండా కూర్చునేది నాటు పెట్టే.