మెషినిస్ట్ కోర్సులో పాస్, ఫెయిల్ ఎలా తేలుస్తారు?

ఎస్.ఎస్.ఎల్.సి. తర్వాత ఐటీఐలో చేరాలనుకునే పిల్లలకు, వారి తల్లిదండ్రులకు ఈ వివరాలు.

"మార్కులు తక్కువొచ్చాయి, ఐటీఐలో వేసేద్దాం" అనే మాట తరచూ వింటుంటాం. 1953లో హెచ్‌ఎంటీ మొదలైన ఊరు మనది. పీణ్యలో ఈ రోజుకీ చేయి తిరిగిన మెషినిస్టుకు మంచి విలువుంది. అయితే అక్కడ పరీక్ష మన బడి పరీక్షలా ఉండదు. ఆ తేడా చేరకముందే తెలుసుకోవడం మంచిది.

కోర్సు రెండేళ్లు. పదో తరగతి సైన్సు, లెక్కలతో పాసై ఉండాలి. లేత్, మిల్లింగ్, గ్రైండింగ్, గేర్ కటింగ్, సీఎన్‌సీ నేర్పుతారు. మార్కులు రెండు చోట్ల నుంచి వస్తాయి. ఒకటి, ఏడాది పొడవునా ఐటీఐలోనే వేసే ఫార్మేటివ్ అసెస్‌మెంట్. రెండోది, ఏడాది చివర దేశమంతటా జరిగే ఆలిండియా ట్రేడ్ టెస్ట్. థియరీలో 33 శాతం వస్తే పాస్. ప్రాక్టికల్‌కీ, ఫార్మేటివ్‌కీ మాత్రం 60 శాతం రావాల్సిందే. బట్టీ పడితే గట్టెక్కలేరు.

పిల్లలు తయారుచేసే ముక్కను అక్కడ 'జాబ్' అంటారు. డ్రాయింగులో షాఫ్ట్ వ్యాసం 25 మి.మీ., ప్లస్ ఆర్ మైనస్ 0.05 అని ఉందనుకోండి. 24.95 నుంచి 25.05 లోపు వస్తే సరి. 25.12 వస్తే ఇంకాస్త కోసి సరిచేయొచ్చు. 24.88 వచ్చిందంటే ఇక చేసేదేమీ లేదు, అది స్క్రాపే. అందుకే చివరి కోతకు ముందు ఆగి, మైక్రోమీటరుతో కొలిచే అలవాటు ముఖ్యం.

కొలత ఒక్కటే కాదు, ఎంత సాయంతో చేశారన్నదీ చూస్తారు. అప్పుడప్పుడు సాయం తీసుకుంటే 60–75 శాతం, కొద్దిపాటి సాయంతో చేస్తే 75–90, దాదాపు సొంతంగా, శుభ్రంగా చేస్తే 90 పైన. జాగ్రత్త, హాజరు, మెటీరియల్ వృథా చేయకపోవడం, రికార్డు బుక్కు, వైవా కూడా లెక్కలోకి వస్తాయి.

పిల్లలూ, ఇప్పుడే రెండు పనులు చేయండి. దశాంశాలు, త్రికోణమితి గట్టిగా నేర్చుకోండి. టేపర్ కోణం కట్టాలంటే టాన్ విలువ కావాలి. రెండోది భాష. ఇంట్లో తెలుగు, వర్క్‌షాపులో కన్నడ, డ్రాయింగులో ఇంగ్లీషు. పని వచ్చినా, పనిముట్టు పేరు నోటికి రాక వైవాలో తడబడితే మార్కులు పోతాయి. పేర్లు మూడు భాషల్లోనూ ఒక నోటు పుస్తకంలో రాసుకోండి.

తల్లిదండ్రులారా, చేర్పించే ముందు వర్క్‌షాపు చూడండి. మెషీన్లు నడుస్తున్నాయా, ఒక్కో మెషీను మీద ఎంతమంది పిల్లలు పని చేస్తున్నారని అడగండి. చేరాక నెలకోసారి రికార్డు బుక్కు తెరిచి, ఏ జాబ్ అయింది, ఏది మళ్లీ చేయమన్నారు, ఇన్‌స్ట్రక్టర్ సంతకం ఉందా చూడండి. ఏడాది చివర్లో రిజల్టు చూసి బాధపడే కంటే, రెండో నెలలోనే లోపం పట్టుకుంటే దిద్దుకోవడానికి టైముంటుంది.

సందేహాలుంటే క్లాస్ టీచర్ గారిని కలవండి.