వయసు మళ్లిన ఎద్దుకు గడ్డ లేస్తే కోయకండి

మన ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు ట్రాక్టర్లు వచ్చి ఎడ్లు తగ్గినా, ముసలిదైన ఇంటి ఎద్దును అమ్మని రైతులు ఇంకా ఉన్నారు. దానికి గడ్డ లేస్తే చీముగడ్డ అనుకుని బ్లేడుతో కోయడం, వాతలు పెట్టడం చూస్తూనే ఉన్నాను. చీముగడ్డ కొద్ది రోజుల్లోనే లేస్తుంది. వేడిగా, ముట్టుకుంటే నొప్పిగా ఉండి తర్వాత మెత్తబడుతుంది. కంతి నెలల తరబడి మెల్లగా పెరుగుతుంది, మొదట్లో నొప్పి ఉండదు. అయినా చేత్తో తడిమి తేల్చలేం. పశువైద్యులు సూదితో కొద్దిగా లాగి చూస్తారు. కంతిని కోస్తే రక్తం ఆపడం కష్టం. పైగా కొల్లేటి తేమలో ఈగలు వాలి పుండులో పురుగులు పడతాయి.

అన్నిటికన్నా మోసం చేసేది కొమ్ము క్యాన్సర్. ఇది ముసలితనం దాకా ఆగదు. 5 నుంచి 10 ఏళ్ల దేశవాళీ ఎడ్లలోనే ఎక్కువ. గేదెల్లో అరుదు. మొదట పైకి గడ్డేమీ కనబడదు. ఎద్దు తల విదిలిస్తుంది, కొమ్మును గుంజకేసి రాస్తుంది, ఆ వైపు ముక్కులోంచి నెత్తురు కలిసిన చీమిడి కారుతుంది. జలుబనుకుని వదిలేస్తారు. కొమ్ము వాలేసరికి ఆలస్యమైపోతుంది. తొలి దశలోనే కొమ్మును మొదలంటా తీయించి, డాక్టరు చెబితే విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్లు చేయిస్తే కోలుకునే అవకాశం ఉంది. ఈ మందు నరం తప్పితే కండ కుళ్లుతుంది, అందుకే డాక్టరే ఇవ్వాలి.

ఆవు కంటి మూల ఎర్రటి కండ పెరిగినా శనగగింజంత ఉన్నప్పుడే చూపించండి. పశువును ఆసుపత్రికి తోలలేకపోతే 1962కు ఫోన్ చేయండి, సంచార వైద్య వాహనం వస్తుంది.