వేలిముద్ర పడని చేతులు

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

వెనకట మన పల్లెల్లో "నిశానిగాడు" అంటే అక్షరం ముక్క రానివాడని ఎత్తిపొడుపు. కాలం ఎంత విచిత్రమైనదో చూడండి! నేడు పట్టభద్రుడైనా, పాలేరైనా, రేషన్ బియ్యానికో, బ్యాంకు డబ్బులకో వేలు పెట్టక తప్పడం లేదు. కాని కష్టం చేసే చేతినే ఈ యంత్రం ఎందుకు గుర్తుపట్టదు? ఈ ప్రశ్న నాకు పాఠ్యపుస్తకంలో ఎదురుకాలేదు. బాన్సువాడ బజారులో ఎదురైంది.

మా అమ్మ ఎండాకాలమంతా ఉపాధి పనికి పోయి మట్టి తవ్వింది. వానాకాలం రాగానే నిజాంసాగర్ కాలువ కింద నాట్లు వేసింది. నాట్లయినాక, ఖాతాలో పడ్డ కూలి డబ్బులు తీసుకుందామని ఇద్దరం ఒక సేవా కేంద్రానికి పోయాము. బొటనవేలు పెట్టింది, పడలేదు. చూపుడువేలు పెట్టింది, పడలేదు. "ఏలు జర తలకు రుద్ది పెట్టు పెద్దమ్మా" అన్నాడు అక్కడి అబ్బాయి. ఈసారి ముద్ర పడ్డది గాని సిగ్నల్ పోయింది. "రేపు రాండ్రి" అన్నాడు. రేపంటే ఒక దినం కూలి పోయినట్టే. దారిలో అమ్మ, "ముప్పై ఏండ్ల సంది ఈ చేతులతోనే బతుకుతున్న. నా ఏలు నాది గాదంటదా బిడ్డా ఆ మిషను?" అన్నది. నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు వెతకగా తేలినదే ఈ వ్యాసం.

ఇందులో మాయ ఏమీ లేదు. మనం ఇంటర్మీడియట్‌లో చదివిన సంపూర్ణాంతర పరావర్తనమే ఉన్నది. వేలిముద్ర మిషన్లలో ఎక్కువగా వాడే ఒక పద్ధతిలో, వేలు పెట్టే గాజు ఒక పట్టకం. లోపలి నుంచి వచ్చే కాంతి గాజు పైతలాన్ని ఏటవాలుగా తాకుతుంది. గాజు మీద గాలి ఉన్నచోట కాంతి మొత్తం వెనక్కి మళ్ళి కెమెరాకు చేరుతుంది, కనుక అక్కడ తెల్లగా కనిపిస్తుంది. చర్మం అంటుకున్నచోట చెదిరిపోతుంది, కనుక నల్లగా కనిపిస్తుంది. వేలి మీది గీతలను పొలం గట్లనుకుంటే, నడుమ సందులు కాలువలు. గట్లు నల్లగా, కాలువలు తెల్లగా పడ్డదే ముద్ర.

మట్టి, ఎరువు, బురద నీళ్ళు, పార కర్ర రాపిడి కలిసి ఆ గట్లను అరగదీస్తాయి. చర్మం ఎండి పగిలితే మిగిలిన గట్టు కూడా గాజుకు సరిగా అంటదు. నడుమ గాలి చిక్కుకొని గీత ముక్కలు ముక్కలుగా పడుతుంది. తలకు రుద్దితే నూనె ఆ సందులను నింపుతుంది, గీత అతుక్కుంటుంది. అలాగని తడిచేయి పెడితే కాలువలు కూడా నిండి ముద్రంతా నల్లబడుతుంది. బజారులో అబ్బాయి చెప్పిన చిట్కా వెనుక ఇంత భౌతికశాస్త్రం ఉన్నదన్నమాట!

తరువాత మిషను గీతలు ఆగిన చోట్లను, చీలిన చోట్లను గుర్తించి, ఆధార్ నమోదునాటి ముద్రతో పోల్చడానికి పంపుతుంది. ఎంతవరకు సరిపోలితే "అవును" అనాలో ఒక హద్దు ఉంటుంది. హద్దు తగ్గిస్తే పరాయివాడు దూరవచ్చు, పెంచితే అసలు మనిషే బయట నిలబడవచ్చు. కాబట్టి మిషను "కాదు" అంటే "నీవు దొంగవు" అని అర్థం కాదు. "ఈ రెండు బొమ్మలు చాలినంత కలవలేదు" అని మాత్రమే. సిగ్నల్ లేకుంటే ఆ మాట కూడా రాదు.

ఈ విద్య పుట్టుకలో మన దేశానికి పెద్ద వాటా ఉన్నది. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి రాజ్యధర్ కొనాయ్ అనే కాంట్రాక్టరు చేత ఒప్పందపత్రం మీద అరచేతి ముద్ర వేయించాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం వెలిసింది. ముద్రలను వర్గీకరించే పద్ధతి వెనుక అజీజుల్ హక్, హేమచంద్ర బోస్‌ల శ్రమ ఉన్నది.

మేలు లేదని నేననను. కూలి డబ్బులు నేరుగా అమ్మ ఖాతాలోనే పడుతున్నవి, నడుమ ఎవరి చేయీ తగలదు. 2019 ఆగస్టులో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల మధ్య ఒకచోటి రేషన్ మరోచోట తీసుకొనే వీలు మొదలైంది. బతుకుదెరువుకు వలసపోయేవారికి అది ఎంత ఆసరాయో చెప్పనక్కరలేదు.

అయితే ఒకే తలుపున్న ఇంటికి తాళం పడితే యజమాని కూడా బయటే. కనుపాప ముద్ర, ఫోనుకు వచ్చే ఓటీపీ, ముఖ గుర్తింపు వంటి రెండో తలుపులు ఉండాలి. వేలిముద్ర సరిపోలనంత మాత్రాన అర్హులకు సంక్షేమ ఫలాలు ఆగిపోరాదని 2018 సెప్టెంబరు 26 నాటి ఆధార్ తీర్పులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

విద్యార్థి మిత్రులారా! మన ఇండ్లలోని పెద్దల ముద్రలు ఆధార్ కేంద్రంలో కొత్తగా నమోదు చేయిద్దాం. ఏ వేలు బాగా పడుతుందో గుర్తుపెట్టి చెబుదాం. ఓటీపీ అడిగినవారికల్లా చెప్పవద్దని హెచ్చరిద్దాం.

మర్నాడు అమ్మ మళ్ళీ మిషను దగ్గరికి పోలేదు. పాస్‌బుక్కు పట్టుకొని బ్యాంకుకే పోయింది. గుమాస్తా పాస్‌బుక్కు ఫోటోను, అమ్మ మొఖాన్ని మార్చి మార్చి చూసి ఫారం ముందుకు జరిపాడు. మిషను ఒప్పుకోని ఆ బొటనవేలినే సిరాలో అద్ది అమ్మ నిశాని వేసింది, డబ్బులు చేతికొచ్చినవి. అక్కడ చూసింది ముద్రను కాదు, మనిషిని.