పెరటి మునగ – పసివాని చూపు

పగలంతయు చలాకిగా ఆడుకొనిన మూడేండ్ల పిల్లవాడు దీపాలవేళ కాగానే తల్లి కొంగు వదలడు. ముందున్న కంచమును చేతితో తడుముకొనును. గడప తట్టుకొని పడును. మారాము చేయుచున్నాడని తల్లి అనుకొనును. అది రేచీకటి కావచ్చును. విటమిన్ 'ఎ' లోపమునకు ఇది తొలి గుర్తు. ఉపేక్షించినచో తెల్లగుడ్డు తడియారి కాంతి తప్పును. దానిపై నురుగు వంటి మచ్చలు ఏర్పడును. తుదకు నల్లగుడ్డు మెత్తబడి, చూపు మరల రాకుండ పోవును. తట్టు పోసిన పిల్లలకును, విరేచనములతో చిక్కిన పిల్లలకును ఈ కీడు కొలది దినములలోనే ముంచుకొని రావచ్చును.

ఇట్టి పిల్లవాడున్న ఇంటి పెరటిలోనే మునగచెట్టు ఉండుటయు కద్దు. కాయలు పులుసులోనికి పోవును. ఆకు మేకలకు పోవును. ఆషాఢమాసమున మునగాకు వండుకొను ఆచారము కొన్నిచోట్ల ఉన్నది గాని, తక్కిన నెలలలో దానిని తలచువారు తక్కువ.

ఆకులలో విటమిన్ 'ఎ' నేరుగా ఉండదు. బీటా కెరోటిన్ అను పసుపుపచ్చని పదార్థముండును. ఆకుపచ్చరంగు కప్పివేయుటచే అది కంటికి కనబడదు. శరీరము దానినే విటమిన్ 'ఎ'గా మార్చుకొనును. మునగాకు, తోటకూర, మెంతికూర, పాలకూరలలో ఇది సమృద్ధిగా నుండును. క్యాబేజీ లోపలి తెల్లని రేకులలో స్వల్పము. ఇది కొవ్వులో కరుగును గాని నీటిలో కరగదు. అందుచే నూనె చుక్కయైనను లేని కూరలో చాలభాగము ఒంటబట్టక వ్యర్థమగును.

పసివారికి ఆకుకూర అరుగదనియు, విరేచనములు పట్టుననియు పెద్దలు జంకుదురు. ఆ జంకును పరిహసింపనక్కరలేదు. మట్టి వదలని ఆకును కాడలతో వండిపెట్టినచో కడుపు చెడవచ్చును. ఈనెలు తీసిన లేతాకును రెండు మూడు నీళ్లలో కడిగి, పిదప తరిగి, పెసరపప్పుతో మూతపెట్టి మెత్తగా ఉడికించవలెను. దానిని మెదిపి, అన్నములో కలిపి, చెంచాడు నెయ్యియో నూనెయో వేసి పెట్టినచో ఆరు నెలలు నిండిన బిడ్డయు తినగలదు. మొదట ఒకటి రెండు చెంచాలు చాలును.

అయితే రేచీకటి కనబడిన తరువాత ఆకుకూరనే నమ్ముకొని ఇంట కూర్చుండరాదు. ఆనాడే బిడ్డను ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోవలెను. తొమ్మిదవ నెల మొదలు ఐదేండ్లు నిండువరకు ఆరు నెలలకొకమారు పిల్లలకు అచ్చట విటమిన్ 'ఎ' ద్రావకము పోయుదురు. ఇంట ఆకుకూర పెట్టుచున్నామని దానిని మానరాదు.

మునగకు గొప్ప సేవ అక్కరలేదు. తొలకరిలో ముదురు కొమ్మ నాటినను, గింజ వేసినను వచ్చును. మొదట నీరు నిలిచినచో వేళ్లు కుళ్లును. ఏటేట నిలువెత్తున నరికినచో ఆకు చేతికందుచుండును. వానకాలమున గొంగళిపురుగులు మానుపై గుంపుగా చేరును; చేతితో తాకక, చీపురుతో ఊడ్చి సబ్బునీటిలో పడవేయవలెను. తినెడి ఆకుపై పురుగుమందు చల్లరాదు. చెట్టు ఎదుగులోపల పక్కనే తోటకూర చల్లి, బియ్యము, పప్పు కడిగిన నీరు పారించినచో నెలనాటికి కోతకు వచ్చును. పెరడు లేనివారు అడుగున చిల్లులు గల పాత బకెట్టులో మెంతులు చల్లుకొనవచ్చును. మూడు నాలుగు వారములలో కూర చేతికి వచ్చును.