ఫోన్‌లో ఓటు సరే.. పక్కన ఎవరున్నారు?

హాస్టల్లో ఉండిపోయి ఊళ్లో సర్పంచ్ ఎన్నికకు ఓటేయలేకపోయారా? బస్సు ఛార్జీ లెక్కేసుకుని ఆగిపోయినవాళ్లలో నేనూ ఒకణ్ని. 'ఫోన్‌లో వేసేస్తే పోలా' అనిపిస్తుంది కదా! 2021 అక్టోబరులో తెలంగాణ రాష్ట్ర ఎన్నికల సంఘం ఖమ్మంలో సరిగ్గా అదే ప్రయత్నించింది. ఓటరు ముఖాన్ని పోల్చి గుర్తుపట్టే యాప్, వెనకాల బ్లాక్‌చెయిన్, సాంకేతిక సాయం సీ-డ్యాక్‌ది. అసలు ఎన్నిక కాదు, ప్రయోగాత్మక పోలింగ్ మాత్రమే.

ఇంజినీరుగా నాకు ముచ్చటేసింది. కానీ అసలు చిక్కు కోడ్‌లో లేదు. బూత్‌లో అట్ట చాటున మీరొక్కరే ఉంటారు. ఇంట్లో అయితే, డబ్బిచ్చినాయన పక్కనే కూర్చుని 'ఏదీ, నా ముందు నొక్కు' అంటే? ఏ బ్లాక్‌చెయినూ ఆపలేదు. 2005లో స్థానిక ఎన్నికలతోనే ఇంటర్నెట్ ఓటింగ్ మొదలుపెట్టిన ఎస్టోనియా దీనికో ఉపాయం ఆలోచించింది. గడువులోగా ఎన్నిసార్లైనా మళ్లీ ఓటేయొచ్చు, చివరిదే లెక్క. ఆయన వెళ్లాక మార్చేసుకోవచ్చన్నమాట. (మన దగ్గరైతే గడువయ్యేదాకా కదలడేమో!)

సైబర్ సెక్యూరిటీలో ప్రాజెక్టు వెతుక్కుంటున్నారా? ఇది పట్టుకోండి: ఓటేసింది ఎవరో సిస్టమ్‌కు తెలియాలి, ఎవరికి వేశారో తెలియకూడదు. ఇంటర్వ్యూలో 'బ్లాక్‌చెయిన్ వాడాం' అని ఊరుకుంటే మాత్రం, నేనైతే అడిగే తర్వాతి ప్రశ్న ఒకటే.. ఆ పక్కన కూర్చున్నాయన సంగతేంటి?