లాప్‌టాపు బ్యాటరీ సంరక్షణము

వైశాఖ జ్యేష్ఠములలో ఉప్పలు, నాచారము ప్రాంతముల మేడమీది గదులలో కాపురముండువారికి రెండు బాధలు తప్పవు. పగలెల్ల మిద్దె కాగి గది పొయ్యివలె నుండును. సాయంకాలమున గాలివాన లేచి, ఏ చెట్టుకొమ్మయో తీగపై బడి, కరెంటు పోవును. పూర్వమైనచో విసనకఱ్ఱ చేతబట్టి వాకిట గూర్చుండుటతో సరిపోయెడిది. 2020వ సంవత్సరము మార్చి నెలలో కరోనా కారణమున కచేరీలు మూతపడిన నాటినుండి అనేక గృహములలో ఒక మూల కచేరీయే వెలసినది. నాచారములోని చిన్న కార్ఖానాలకు ఇంటినుండియే లెక్కలు వ్రాయు సోదరీమణులను మే మెఱుగుదుము. నెలనెలా జి.ఎస్.టి. లెక్క దాఖలు చేయువారికి మరుసటి నెల 20వ తేదీ గడువు. అది దాటినచో దినమునకు 50 రూపాయల చొప్పున రుసుము. ఆ సాయంకాలమే కరెంటు పోయి, లాప్‌టాపు పది నిమిషములలో కన్ను మూసినచో, ఆ రుసుము మాట యటుండనిండు, యజమాని యొద్ద మాట పోవుటయే గొప్ప నష్టము గదా!

క్రొత్తలో నాలుగు గంటలు పనిచేసిన యంత్రము రెండేండ్లకే యిట్లేల యగును? దుకాణదారుడు మోసగించెనని యనుకొనుట సులభము. కొన్ని యెడల నది నిజమే కావచ్చును. కాని పెక్కిండ్లలో లోపము వాడుకలోనే యున్నదని మా యభిప్రాయము.

లాప్‌టాపులో నుండునది లిథియము అయాను బ్యాటరీ. దీనిని 1991లో సోనీ కంపెనీవారు మొదట అంగడికి దెచ్చిరి. దీనికి మూలమైన పరిశోధనకు గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినో అను మువ్వురకు 2019లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమానము లభించెను. గుడినఫ్ గారికి అప్పటికి 97 ఏండ్లు! చార్జి చేయునపుడు లిథియపు అయానులు ఒక పలకనుండి బయలుదేరి, నడుమనున్న ద్రవమును దాటి, రెండవ పలకలో జేరును. వాడుకొనునపుడు తిరిగి వచ్చును. నూటికి నూరు నింపినప్పుడు అయానులన్నియు ఒకవైపున క్రిక్కిఱిసి, లోపలి ఒత్తిడి హెచ్చును. ఆ స్థితిలో నడిమి ద్రవము కొంచెము కొంచెముగ చెడును. వేడి తోడైనచో ఆ చేటు త్వరపడును. 40 డిగ్రీల వేడిలో పూర్తిగా నింపిన బ్యాటరీని ఒక యేడాది యుంచినచో, దాని శక్తిలో సుమారు మూడవ వంతు మరల రాదు. మన మేడమీది గదిలో, దినమెల్ల తీగ తగిలించియే యుంచిన లాప్‌టాపు గతి దాదాపు ఇదియే.

నాచారమునకు ఉత్తరమున కొలది దూరములో నున్న ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 1967లో వెలసినది. 1970వ దశకమున అచ్చట చేసిన టి.డి.సి. గణనయంత్రములు బీరువాలంతేసి యుండెడివి. అట్టివానిని చల్లని గదులలో నుంచి కాపాడెడివారు. నేటి యంత్రము ఒడిలో ఇముడును. వేడికి ఓర్వని గుణము మాత్రము పోలేదు. కావున దానిని పరుపుపైనను బొంతపైనను బెట్టి గాలిరంధ్రములు మూయకుడు. ఒక పీటయైనను చాలును.

ఇంటి పెద్దలు చెప్పు రెండు మాటలను గూర్చి ఇచ్చట జెప్పవలసియున్నది. బ్యాటరీని పూర్తిగా ఖాళీచేసి మరల నింపవలయునన్నది మొదటిది. అది పాత నికెలు కాడ్మియము బ్యాటరీలకు జెల్లిన మాట, దీనికి చేటు. ఎల్లప్పుడు నిండుగ నుంచవలయునన్నది రెండవది. అది మెట్లక్రింద నున్న ఇన్వర్టరు సీసపు బ్యాటరీ విషయమున సత్యము; దానిని ఖాళీగ నుంచిన పాడగును, డిస్టిల్డు నీరు చూచి పోయుచుండవలయును. లాప్‌టాపునకు ఇరువదికి ఎనుబదికి నడుమ నుండుట హితము. ఒకే యింట ఇద్దరు కోడండ్రు. ఒకతెకు కడుపునిండ వడ్డించిన సంతోషము, ఒకతెకు కొంచెము వెలితిగ నున్ననే సుఖము!

ఎనుబదియొద్ద చార్జి తనంతట ఆగునట్లు చేయవచ్చును. లెనోవోవారి వాంటేజ్, ఆసుస్‌వారి మై ఆసుస్ అను సాధనములలో ఈ యేర్పాటు కలదు, హెచ్.పి. వారి కొన్ని యంత్రములలో బయోస్‌లో నుండును. గాలివాన సూచన యున్న దినమునను, పైని జెప్పిన 20వ తేదీనాడును మాత్రము ఉదయముననే కట్టు తీసి నూరు నింపుకొనుడు. పని చెడగొట్టుకొని బ్యాటరీని కాపాడుట తెలివిగాదు.

ఇక విండోస్ 11లో సెట్టింగ్స్ తెఱచి, సిస్టమ్‌లో పవర్ అండ్ బ్యాటరీ అను చోటికి బోవుడు. బ్యాటరీపై నడచునపుడు మూడు నిమిషములకు తెర ఆఱునట్లును, పది నిమిషములకు యంత్రము స్లీప్‌లోనికి బోవునట్లును నిర్ణయింపుడు. పవర్ మోడ్‌ను బెస్ట్ పవర్ ఎఫిషియన్సీగ మార్చుడు. తెర వెలుతురు సగమునకు దింపుడు. విద్యుత్తును ఎక్కువగ దినునది ఆ వెలుతురే. ఏ ప్రోగ్రాము ఎంత వాడుచున్నదో అచ్చటనే చిట్టా కనబడును. పిల్లలు మూయక విడిచిన వీడియో ఆ చిట్టాలో పైవరుసన నుండుట మేము పలుమార్లు చూచితిమి.

స్లీప్‌నకు హైబర్నేట్‌నకు భేద మెఱిగిన సోదరీమణులు తక్కువ. స్లీప్ అనగా పొయ్యిలో నిప్పుపై నివురు కప్పి యుంచుట. మరల వంట వేగముగ మొదలగును గాని, నిప్పు కొంచెముగ కాలుచునే యుండును. బ్యాటరీ ముగిసెనా, దాచని పని పోవచ్చును. హైబర్నేట్‌లో, తెఱచియున్న పని యంతయు డిస్కుపై వ్రాయబడి యంత్రము పూర్తిగ ఆఱిపోవును. రెండు దినములు కరెంటు లేకున్నను మీ లెక్క పదిలము. ఇది మామూలుగ జాబితాలో కనబడదు. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్ అను చోట పవర్ మీట యేమి చేయవలయునో నిర్ణయించు పుటలో దీనికి గుర్తు పెట్టవలయును. మూత మూసినపుడు, బ్యాటరీపై నున్నచో, హైబర్నేట్ కావలయునని అచ్చటనే చెప్పవచ్చును. మేమైతే మిగిలినవన్నియు విడిచినను ఈ యొక్క యేర్పాటు విడువము.

లాప్‌టాపు వెలుగుచున్నను వైఫై పెట్టె ఆఱినచో పత్రము పంపుట యెట్లు? ఇన్వర్టరు లేని యింట, 12 వోల్టుల చిన్న యు.పి.యస్. ఒకటి ఆ పెట్టెకు తగిలించిన మంచిది. ఫోను హాట్‌స్పాటు రెండవ యుపాయము.

తుదకు, అపాయ మొకటి. మీటల పలక నడుమ ఉబ్బినట్లున్నను, వ్రేలితో నొక్కు టచ్‌ప్యాడు బిగిసికొనిపోయినను, మూత సరిగ మూయబడకున్నను, లోపలి బ్యాటరీ వాచినదని యనుమానింపుడు. తక్షణమే ఆపి, తీగ తీసివేయుడు. మరల చార్జి చేయకుడు; వాపు నొక్కుటగాని సూదితో పొడుచుటగాని చేసినచో నిప్పంటుకొనును. పిల్లల కందని చోట, కాలు వస్తువులకు దూరముగ నుంచి, ఆ కంపెనీ సర్వీసు కేంద్రమున కప్పగింపుడు. ఇంటింటి చెత్తబండిలో వేయకుడు. ఆ బండిలోనే అది మండవచ్చును. 2022లో కేంద్రప్రభుత్వమువారు చేసిన బ్యాటరీ వ్యర్థముల నిబంధనల ప్రకారము, వాడిన బ్యాటరీల సేకరణ భారము తయారీదారులపై నున్నది. కావున ఆ కేంద్రమువారు దానిని దీసికొన నిరాకరించినచో, ఈ నిబంధనలను పేరు జెప్పి యడుగుడు.