ప్రయాణంలో త్రాగునీరు: తేలికైన ఫిల్టరును ఎన్నుకొనుట ఎట్లు?

వేసవి సెలవులు, యాత్రల ఋతువు వచ్చినదంటే సికింద్రాబాదు నుండి బదరీ కేదారములకు రైలెక్కేవారు కొందరు, నల్లమల అడవులకు బస్సెక్కేవారు మరికొందరు. వీపున సంచి తగిలించుకొని కొండలెక్కే యువతీయువకుల సంఖ్య కూడా నేడు తక్కువ కాదు. ఈ ఊరిలో వైద్యవృత్తిలో ఉన్న నన్ను వీరిలో పలువురు అడిగే ప్రశ్న ఒకటే. "డాక్టరు గారూ! నీటిని శుభ్రం చేసే చిన్న ఫిల్టరులలో అన్నిటికన్నా తేలికైనది ఏది?"

మోసేవారికి బరువు చింత సహజమే. అయితే ఫిల్టరు బరువును తూచే ముందు, త్రాగబోవు నీటిలో ఏ దోషమున్నదో ఆలోచించవలెను. ఒక్కొక్క సాధనము ఒక్కొక్క దోషమును మాత్రమే తొలగించగలదు. ఈ సంగతి తెలియక చేతిలోని ఫిల్టరును పూర్తిగా నమ్మినవారు కొందరు, యాత్ర ముగిసిన నెల రోజులకు కామెర్లతో నా వద్దకు వచ్చుచున్నారు. అందువలన ఈ విషయమును పాఠకులకు కొంత వివరంగా చెప్పదలచినాను.

తేర్చుట వేరు, దోషమును హరించుట వేరు

సుశ్రుత సంహిత సూత్రస్థానము 45వ అధ్యాయంలో బురద నీటిని తేర్చు వస్తువులు ఏడు చెప్పబడినవి. వాటిలో కతకము, అనగా మన చిల్లగింజ, మొదటిది. వస్త్రము కూడా ఆ ఏడింటిలో ఒకటి. చెడిన నీటికి మాత్రం ఆచార్యుడు వేరే ఉపాయములు చెప్పినాడు. అగ్నిపై కాచుట, ఎండలో వేడిచేయుట, కాల్చిన ఇనుప గుండును నీటిలో ముంచుట అందులోనివి. నీరు తేటపడినంత మాత్రాన దోషము పోయినట్లు కాదని దీని సారాంశము.

చిల్లగింజను రాతిపై అరగదీసి ఆ గంధమును నీటిలో కలిపితే మన్ను అడుగుకు దిగుతుంది. మునగ గింజల పొడికీ ఈ గుణము కలదు. కానీ ఇవి రోగక్రిములన్నిటినీ తొలగించలేవు.

వస్త్రము సంగతి కూడా ఇట్టిదే. బంగ్లాదేశ్ గ్రామాలలో పాత చీరను నాలుగు మడతలకు తక్కువ కాకుండా వేసి నీటిని వడకట్టగా కలరా సుమారు 48 శాతం తగ్గినదని 2003లో శాస్త్రజ్ఞులు ప్రకటించినారు. కలరా క్రిములు నీటిలోని సూక్ష్మ జీవులను అంటిపెట్టుకొని ఉంటాయి. ఆ జీవులు గుడ్డలో చిక్కినప్పుడు వాటితో పాటు క్రిములూ చిక్కుతాయి. విడిగా తేలే క్రిమి గుడ్డలోనుండి సులువుగా జారిపోతుంది.

రాగి పాత్రలో 16 గంటలు నిలువ ఉంచిన నీటిలో విరేచనాలు కలిగించే బాక్టీరియా నశించినదని 2012లో మన దేశంలో జరిగిన పరిశోధన తెలిపినది. ఇది ఇంటికి మంచిదే. కానీ సెలయేటిలో నింపి వెంటనే త్రాగే బాటసారికి రాగి సీసా రక్ష కాదు.

సన్నని రంధ్రము, అంతకన్నా సూక్ష్మమైన శత్రువు

నేడు దొరికే తేలికైన ఫిల్టరులలో గొట్టముల వంటి సన్నని పోగులు కట్టగా ఉంటాయి. వాటి గోడలలోని రంధ్రములు సాధారణంగా 0.1 లేక 0.2 మైక్రాను. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. జిగట విరేచనాలకు కారణమైన అమీబా తిత్తి 10 మైక్రానులకు పైబడి ఉంటుంది. టైఫాయిడ్, కలరా బాక్టీరియా వెడల్పు సుమారు అర మైక్రాను, లేక అంతకు కొంచెం ఎక్కువ. ఇవన్నీ ఈ ఫిల్టరులో చిక్కుతాయి. కానీ నీటి ద్వారా కామెర్లను వ్యాపింపజేసే హెపటైటిస్-ఎ, హెపటైటిస్-ఇ వైరసుల పరిమాణము సుమారు 0.03 మైక్రాను మాత్రమే. అవి ఆ రంధ్రముల గుండా నిరాటంకంగా దాటిపోతాయి.

వైరస్ అనునది ఒకటున్నదని లోకానికి మొదట తెలిపినది కూడా ఫిల్టరే. 1892లో ఇవానోవ్‌స్కీ అనే రష్యా శాస్త్రజ్ఞుడు తెగులు సోకిన పొగాకు ఆకుల రసమును పింగాణీ ఫిల్టరులో వడపోసినాడు. బాక్టీరియా అంతయూ ఆగిపోయినను, వడపోసిన రసము మరల తెగులును కలిగించినది.

మన దేశంలో దీనికి పెద్ద నిదర్శనము ఢిల్లీలో కలదు. 1955 నవంబరులో యమున నుండి నగరానికి వచ్చే నీటిలో మురుగు కలిసినది. అధికారులు క్లోరిన్ మోతాదు పెంచినారు. టైఫాయిడ్, విరేచనాలు ప్రబలలేదు. కానీ 1955 డిసెంబరు, 1956 జనవరి నెలలలో సుమారు 29,000 మందికి కామెర్లు వచ్చినవి. అది హెపటైటిస్-ఇ అని తరువాతి కాలంలో తేలినది. మురికి నిండిన నీటిలో క్లోరిన్ శక్తి ఆ మురికికే ఖర్చయిపోతుంది. కనుక ముందు నీటిని తేటపరచి, ఆ తరువాతనే క్లోరిన్ వేయవలెను.

ఏ సాధనము ఎవరికి?

నోటితో పీల్చే గొట్టము: బరువు 60 గ్రాములకు లోపే. ఏటి ఒడ్డున వంగి పీల్చవలెను. పీల్చిన నీరు నేరుగా నోటిలోనికి పోవును గనుక, వడపోసిన తరువాత క్లోరిన్ వేయుటకు వీలుండదు. వంటకు గాని, పిల్లలకు పట్టుటకు గాని నీరు దొరకదు.

పిండే సంచి ఫిల్టరు: ఇదియూ 100 గ్రాములకు అటూ ఇటూ మాత్రమే. మెత్తని సంచిలో నీరు నింపి పిండగా తేట నీరు సీసాలో పడుతుంది. ఆ సీసాలో క్లోరిన్ బిళ్ళ వేసికొనవచ్చును. మన దేశపు నీటికి నేను సిఫారసు చేయునది ఇదే.

అతినీలలోహిత కిరణముల దీపము: వైరసులను కూడా నిర్వీర్యం చేస్తుంది. కానీ నీరు తేటగా ఉండవలెను, బ్యాటరీ పనిచేయుచుండవలెను.

వైరసులను కూడా తొలగించే సీసాలు: మంచివే. కాని ఖాళీవే అర కిలో వరకు తూగుతాయి, తరచు గుళిక మార్చవలసి వస్తుంది.

క్లోరిన్ బిళ్ళలు: దాదాపు బరువే లేదు. వైరసులు, బాక్టీరియా చస్తాయి. కానీ క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి క్లోరిన్‌కు లొంగదు. అది 4 నుండి 6 మైక్రానులు ఉండును గనుక ఫిల్టరులో చిక్కుతుంది. ఫిల్టరు లోపమును బిళ్ళ, బిళ్ళ లోపమును ఫిల్టరు తీర్చుకొనుచున్నవి. ఈ జంట బరువు గుప్పెడు వేరుశనగ కాయలకు మించదు.

మూడు యాత్రలు, మూడు విధముల నీరు

నల్లమలలోని సలేశ్వరమునకు చైత్ర పౌర్ణమి దినములలో వేలాది భక్తులు నడచి పోతారు. జనసమూహము స్నానమాడే గుండములో క్రిములు, వైరసులు రెండూ ఉండవచ్చును. తీర్థమును భక్తితో తలపై చల్లుకొని, త్రాగునీటిని ఇంటి నుండియే తీసికొని పోవుట ఉత్తమము. చాలనప్పుడు జనసంచారము లేని పై ప్రవాహపు నీటిని పట్టి, గుడ్డతో వడకట్టి, ఫిల్టరు చేసి, బిళ్ళ వేసి అరగంట ఆగి త్రాగవలెను.

హిమాలయ యాత్రలో చలియే చిక్కు. తడిసిన ఫిల్టరు ఒక్కసారి గడ్డకట్టినా లోపలి పోగులు చిట్లుతాయి. ఆ చీలిక కంటికి కనబడదు. రాత్రి దానిని కంబళిలో ఒంటి దగ్గర పెట్టుకొని నిద్రించవలెను. చల్లని నీటిలో బిళ్ళ నిదానంగా పనిచేస్తుంది గనుక గంట సేపు ఆగవలెను. కేదారనాథ్ ఎత్తులో నీరు సుమారు 88 డిగ్రీలకే మరుగుతుంది. అట్టి చోట తెర్లిన నీటిని మూడు నిమిషాలు మరిగించవలెను. మన ఊళ్ళలో ఒక నిమిషము చాలును.

మూడవది మన దక్కను మైదానము. నల్గొండ ప్రాంతపు పాత బోరుబావులలో ఫ్లోరైడు అధికము. త్రాగునీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. పైన చెప్పిన ఏ చిన్న ఫిల్టరూ ఫ్లోరైడును తీయలేదు. కాచితే నీరు ఇగిరి అది మరింత చిక్కబడుతుంది. ఒకటి రెండు పూటలకు అపాయము లేకున్నను అలవాటు చేసికొనకూడదు. పటిక, సున్నముతో ఫ్లోరైడును తొలగించే నల్గొండ పద్ధతి ప్రసిద్ధమే గాని, అది ఒకచోట స్థిరముగా ఉండువారికి ఉపయోగము. ఇక హుస్సేన్‌సాగర్, నగరము దాటిన తరువాతి మూసీ వంటి మురుగు, రసాయనములు చేరిన నీటిని ఏ ఫిల్టరునూ నమ్మి త్రాగరాదు.

ఫిల్టరు సంరక్షణ

ప్రతి సాయంకాలము శుభ్రమైన నీటితో వెనుక వైపు నుండి కడగవలెను. మన బోరు నీటి ఉప్పు పేరుకొని ధార సన్నగిలితే, వెనిగరు కలిపిన నీటిలో కొంతసేపు నానబెట్టి కడిగిన సరిపోతుంది. మురికి సంచిని తాకిన చేతితో శుభ్రమైన సీసా మూతిని ముట్టకూడదు. పలుమారు శ్రమ అంతా ఇక్కడనే వృథా అగుచున్నది. కొనునప్పుడు పెట్టెపై వైరస్ అను మాట స్పష్టంగా ఉన్నదా, లేదా అని చదవండి. లేనిచో బిళ్ళలు తప్పనిసరి.

ఇంత చేసినను జబ్బు పడినచో

విరేచనాలు పట్టినప్పుడు లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా త్రాగించవలెను. చెంచా చిన్నదిగాను, కొలత తలగొట్టినదిగాను ఉండవలెను. కొంచెము తేరుకొన్న పిదప శొంఠి, జీలకర్ర వేసి మరిగించిన నీరు జీర్ణశక్తికి హితము. మలంలో రక్తము, తీవ్ర జ్వరము, మూత్రము తగ్గుట కనిపించినచో ఆలస్యము చేయరాదు.

గర్భవతుల విషయంలో మరింత జాగ్రత్త అవసరము. చివరి మూడు నెలలలో హెపటైటిస్-ఇ సోకినచో నూటికి 20 నుండి 25 మంది వరకు మరణించు ప్రమాదము కలదు. వారికి కాచి చల్లార్చిన నీరు తప్ప వేరొకటి ఇవ్వకూడదు. కామెర్లు కనిపించినచో పసరు మందులకై తిరుగక, వెంటనే ఆసుపత్రికి తీసికొని పోవలెను. యాత్ర నుండి తిరిగివచ్చిన రెండు నెలల వరకు కళ్ళు పచ్చబడుట, మూత్రము పచ్చబడుట, అన్నము సహించకపోవుట కనిపించినచో, త్రాగిన నీటి సంగతి వైద్యునికి తప్పక చెప్పవలెను.